సాల్సా మొదలుపెట్టేవారికి: మొదటి క్లాసు నుంచి మొదటి సోషల్ దాకా

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో వారాంతం సాయంత్రం ఒక సాల్సా సోషల్‌కి, అంటే సాల్సా అనే జంట డాన్స్ ఆడటానికి అందరూ కలిసే చోటికి, వెళ్ళి అరగంట పక్కన కూర్చుని చూడండి. అక్కడ కలిసి ఆడుతున్న జంటల్లో చాలామంది ముందుగా రిహార్సల్ చేసుకుని వచ్చినవాళ్ళు కారు. పాట మొదలవగానే ఒకరు చేయి చాస్తారు, ఇంకొకరు అందుకుంటారు. నిమిషం ముందు ఒకరి పేరు ఒకరికి తెలియకపోయి ఉండవచ్చు. నాలుగు నిమిషాలు కలిసి ఆడి, థాంక్స్ చెప్పుకుని, తర్వాతి పాటకి వేరే జతలవుతారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్ళకి ఇది మరీ దగ్గర. అక్కడ ఒక మోస్తరు ఊళ్ళో కూడా సాల్సా రాత్రులు జరుగుతూనే ఉంటాయి.

ముందే కట్టుకున్న డాన్స్ కాదు కాబట్టి దీన్ని నేర్చుకునే పద్ధతి కూడా వేరు. స్టేజీకి స్టెప్పులు కంఠస్థం చేస్తాం. సోషల్‌కి అది పనికిరాదు, ఎందుకంటే ఎదుటి మనిషి మీ వరస నేర్చుకోలేదు. తాళం తప్పకుండా అడుగు వేయడం, చేతిలో చేయి ఉంచి చెప్పదలచుకున్నది చెప్పడం, ఎదుటివారు చెప్పింది వినడం వస్తే చాలు. బేసిక్ (మూల అడుగుల వరస), ఒక రైట్ టర్న్ (కుడివైపుకి తిరగడం), ఒక క్రాస్ బాడీ లీడ్ (ఇద్దరూ చోట్లు మార్చుకోవడం). ఈ మూడింటితో మొదటి సోషల్‌కి వెళ్ళిపోవాలన్నది మా గట్టి అభిప్రాయం. ముప్పై ఫిగర్లు (టర్న్‌ల్లాంటి అడుగుల అల్లికలు) వచ్చాక వెళదామని ఆగేవాళ్ళలో చాలామంది ఎప్పటికీ వెళ్ళరు.

ముందు ఏ సాల్సా అన్నది తేల్చుకోండి

సాల్సా మూలాలు క్యూబాలోని సోన్, మాంబో సంగీతాల్లో ఉన్నాయి. న్యూయార్క్‌లో స్థిరపడ్డ ప్యూర్టోరికో, క్యూబా సంగీతకారుల చేతుల్లో అది ఈనాటి రూపానికి వచ్చింది. 1964లో మొదలైన ఫానియా రికార్డ్స్ అనే రికార్డుల సంస్థ ఆ సంగీతానికి 'సాల్సా' అన్న పేరును లోకమంతా మోసుకెళ్ళింది. డాన్స్ మాత్రం ఊరికో తీరుగా ఎదిగింది. ఈ చరిత్ర మీకు ఎందుకంటే, క్లాసులో చేరేముందు ఏ తీరు నేర్పుతున్నారో అడగకపోతే రెండు నెలల తర్వాత తికమక పడతారు.

ముఖ్యంగా మూడు తీరులు. మొదటిది ఆన్ వన్, దీన్నే ఎల్‌ఏ స్టైల్ అని కూడా అంటారు. పాట తాళాన్ని ఎనిమిదేసి లెక్కపెడితే, ఇందులో 1 మీద ముందుకో వెనక్కో దిశ మారుతుంది. రెండోది ఆన్ టూ, న్యూయార్క్ స్టైల్. అక్కడ దిశ మారేది 2 మీద. దీన్ని క్లాసులకి తగ్గట్టు ఒక క్రమంలో పెట్టి వ్యాప్తి చేసినవారిలో న్యూయార్క్ డాన్స్ గురువు ఎడ్డీ టోరెస్ పేరు ముందు చెప్పుకుంటారు. ఈ రెండూ ఒక గీత మీద సాగుతాయి: ఇద్దరూ ఒక సన్నటి దారిలో అటూ ఇటూ చోట్లు మార్చుకుంటారు. మూడోది క్యూబన్ స్టైల్, దీని సొంత పేరు కసీనో. అక్కడ ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు గుండ్రంగా తిరుగుతారు.

మీ ఊళ్ళో సోషల్స్‌లో ఎక్కువమంది ఏది ఆడుతున్నారో అదే నేర్చుకోండి. ఏది గొప్పదన్న చర్చ ఆరు నెలల తర్వాత పెట్టుకోవచ్చు. కొత్తవాళ్ళ క్లాసుల్లో ఎక్కువగా కనిపించేది ఆన్ వన్ కాబట్టి ఈ వ్యాసంలో అంతా దాని లెక్కే.

జతగాడో జతగత్తో లేకపోయినా క్లాసులో చేరవచ్చు. మంచి క్లాసుల్లో రెండు మూడు నిమిషాలకోసారి జతలు మారుస్తారు. భార్యాభర్తలో స్నేహితులో కలిసి చేరినా ఈ మార్పిడిలోకి వెళ్ళడమే మంచిది. ఎప్పుడూ ఒకరితోనే చేసేవాళ్ళు డాన్స్ కన్నా ముందు ఒకరి అలవాట్లు ఒకరు నేర్చుకుంటారు. ఆయన చేయి ఎత్తకముందే ఆమె తిరిగేస్తుంది, ఇద్దరికీ వచ్చేసిందనిపిస్తుంది. కొత్త మనిషి చేయి పట్టుకున్న రోజున సగం పనిచేయదు.

పాత్రలు రెండు: నడిపించే లీడ్, అనుసరించే ఫాలో. మగవాళ్ళే లీడ్ చేయాలన్న నియమమేమీ లేదు. లీడ్‌కి మొదటి మూడు నెలలు కష్టం, ఎందుకంటే తాళం, తర్వాత ఏం చేయాలన్న ఆలోచన, చుట్టూ ఉన్న జనం, అన్నీ ఒకేసారి చూసుకోవాలి. ఫాలోకి మొదట్లో తేలిగ్గా ఉండి, వేగంగా తిరగడాలు మొదలయ్యాక కష్టం పెరుగుతుంది. ఒకటి కుదురుకున్నాక రెండోది నేర్చుకుంటే రెండూ బాగుపడతాయి.

కాళ్ళకి, ఒంటికి

బూట్ల సంగతి మొదటి రోజే చూసుకోవాలి, ఎందుకంటే ఇది మోకాలికి సంబంధించిన విషయం. పరుగుకి వాడే రబ్బరు సోలు నేలను పట్టేస్తుంది. ఒళ్ళు తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. నున్నటి తోలు సోలున్న మామూలు బూట్లు మొదటి రెండు నెలలకి సరిపోతాయి. కొనసాగిస్తారని నమ్మకం కుదిరాక స్వేడ్ (నూగు తోలు) సోలున్న డాన్స్ బూట్లు కొనండి. వాటిని వీధిలో తొడగకూడదు, తడి తగలనివ్వకూడదు. దుమ్ము పట్టి సోలు నునుపెక్కితే తీగ బ్రష్‌తో ఒకే దిశలో గీకితే మళ్ళీ పట్టు వస్తుంది. ఆడవాళ్ళు మొదట చదునుగా ఉన్నవో, రెండు అంగుళాలలోపు మడమ ఉన్నవో ఎంచుకోండి. చీలమండ చుట్టూ పట్టీ ఉండాలి. వెనక పట్టీ లేని చెప్పులు టర్న్‌లో జారిపోతాయి.

ఉంగరాలు, గాజులు, పెద్ద వాచీ తీసేయండి. చేతులు జారుతూ మారుతూ ఉండే డాన్స్ ఇది. ఉంగరం రాయి ఎదుటివారి వేలిని కోస్తుంది. చున్నీ వేసుకుంటే నడుముకి కట్టేయండి, లేదా ఇంట్లో పెట్టి రండి. పొడవైన జడ ఉన్నవాళ్ళు ముడి వేసుకోవాలి. టర్న్‌లో జడ కొస ఎదుటివారి కంటికి కొరడా దెబ్బలా తగులుతుంది.

మన వాతావరణంలో చెమట తప్పదు. ఒక చిన్న తువ్వాలు, మార్చుకోవడానికి రెండు చొక్కాలు, పుదీనా బిళ్ళలు సంచిలో ఉంచుకోండి. ఆ సాయంత్రం భోజనంలో పచ్చి ఉల్లిపాయ మానేయండి.

బేసిక్: ఎనిమిది లెక్కలు, ఆరు అడుగులు

ఆది తాళం చేత్తో వేసిన వాళ్ళకి 8 లెక్క కొత్త కాదు. సాల్సాలో ఆ ఎనిమిదిని నాలుగూ నాలుగూగా విడగొడతాం. ప్రతి నాలుగులో మూడు అడుగులు, ఒక ఆగడం. అందుకే నోటితో '1, 2, 3... 5, 6, 7...' అని లెక్కపెడతారు. 4, 8 పలకరు.

లీడ్ అడుగులు:

1 — ఎడమ కాలు ముందుకి
2 — కుడి కాలు ఉన్నచోటే
3 — ఎడమ కాలు మధ్యకి
4 — ఆగండి
5 — కుడి కాలు వెనక్కి
6 — ఎడమ కాలు ఉన్నచోటే
7 — కుడి కాలు మధ్యకి
8 — ఆగండి

ఫాలో దీనికి అద్దం: 1 మీద కుడి కాలు వెనక్కి, 2 మీద ఎడమ ఉన్నచోటే, 3 మీద కుడి మధ్యకి. 5 మీద ఎడమ ముందుకి, 6 మీద కుడి ఉన్నచోటే, 7 మీద ఎడమ మధ్యకి.

చదివితే రెండు నిమిషాల పని. పాడయ్యేది బరువు దగ్గర. ప్రతి అడుగుకీ ఒంటి బరువు పూర్తిగా ఆ కాలి మీదికి వెళ్ళాలి. లీడ్ 3 మీద ఎడమ కాలు మధ్యలో పెట్టి, బరువు మాత్రం రెండు కాళ్ళ మీదా ఉంచితే, 5కి ఏ కాలు కదపాలో ఒంటికి తెలియదు. 'కాలు తప్పుతోంది' అని వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు లోపం జ్ఞాపకంలో లేదు, బరువులో ఉంది. పరీక్ష చాలా సులువు: 3 దగ్గర ఆగి, రెండో కాలు నేల మీద నుంచి ఎత్తి చూడండి. తూలకుండా ఎత్తగలిగితే బరువు మారినట్టు.

రెండో తప్పు 4, 8 మీద కాలితో తట్టడం. ఆ తట్టు అలవాటైతే వేగం పెరిగినప్పుడు అదే ఇంకో అడుగైపోయి మొత్తం లెక్క తారుమారవుతుంది. ఆ ఖాళీలో 3, 7 అడుగు నెమ్మదిగా నేలలోకి దిగనివ్వండి, అంతే.

మూడోది పెద్ద అడుగులు. అడుగు మీ పాదం పొడవు దాటకూడదు. వేగవంతమైన పాటకి అందులో సగం. ముందు పాదం ముందు భాగం ఆనాలి, తర్వాత మడమ. మోకాళ్ళు కాస్త వదులుగా. నడుము కదలికను తెచ్చిపెట్టుకోవద్దు. ఒక మోకాలు వంగి ఇంకొకటి నిటారవుతూ బరువు మారుతుంటే నడుము తనంతట అదే కదులుతుంది. కావాలని ఊపితే పైభాగం కూడా ఊగి, పట్టుకున్న చేయి గందరగోళ పడుతుంది.

1 ఎక్కడుంది?

కొత్తవాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఇదే, ఇందులో మన చెవి అలవాటు కూడా ఉంది. తీన్మార్ డప్పుకి కాలు ఎక్కడ పడాలో డప్పే చెబుతుంది. గట్టి దెబ్బ ఎక్కడో అడుగూ అక్కడే. సాల్సాలో ఆ సూత్రం తిరగబడుతుంది. కొంగా అనే, చేత్తో వాయించే పొడవాటి డ్రమ్ముల్లో చెవికి పదునుగా తగిలే చప్పుడు ప్రతి నాలుగు లెక్కల్లో రెండోదాని మీద పడుతుంది. తర్వాత రెండు తెరిచిన మోతలు, ఒకటి నాలుగోదాని మీద, రెండోది దానికీ తర్వాతి లెక్కకీ నడుమ. బేస్ గిటారు చాలా పాటల్లో 1ని మోగించనే మోగించదు. దానికన్నా ముందే 8 మీద మోగి, ఆ మోతనే 1 మీదుగా సాగదీస్తుంది. అంటే మీరు వెతుకుతున్న 1 మీద తరచూ పెద్ద చప్పుడంటూ ఉండదు. గట్టి చప్పుడు పట్టుకుని అడుగేసేవాళ్ళు 2 మీదో 4 మీదో మొదలుపెట్టడానికి కారణం ఇదే. మీ చెవి పాడైందని దిగులు పడకండి. దానికి వేరే గుర్తులు నేర్పాలి.

మొదటి గుర్తు కొంగాలోని ఆ రెండు తెరిచిన మోతలు. 'దుమ్-దుమ్' అని జంటగా వినిపిస్తాయి. అవి అయిన వెంటనే వచ్చేది 1 లేదా 5. వాటిని తలుపు తట్టిన చప్పుడనుకోండి, తలుపు తెరుచుకునే క్షణం మీ అడుగు.

రెండో గుర్తు గంట. పాట రెండో సగంలో, గాయకుడూ బృందమూ మార్చి మార్చి పాడే చోట, బాంగో (చిన్న జంట డ్రమ్ములు) వాయించేవారు గంట అందుకుంటారు. దాని లోతైన మోత 1, 3, 5, 7 మీద గట్టిగా పడుతుంది. అడుగు పెట్టడానికి ఇంతకన్నా సాయం చేసేది లేదు. అందుకే కొత్తవాళ్ళకి పాట మొదటి నిమిషం కన్నా చివరి రెండు నిమిషాలు తేలిక.

మూడోది వాక్యం. కొత్త చరణం, కొత్త వాయిద్యం, బృందగానం దాదాపు ఎప్పుడూ 1 దగ్గరే మొదలవుతాయి. మీరు పొరపాటున 5ని 1 అనుకుని ఆడుతుంటే ఈ మలుపుల దగ్గర తెలిసిపోతుంది. ఆ క్షణం ఒక సారి ఆగి, మళ్ళీ ఎత్తుకోండి. ఎదుటివారు ఏమీ అనుకోరు.

క్లావే అన్న రెండు కర్రముక్కల తాళం గురించి మీకు ఎవరో ఒకరు చెబుతారు. 8 లెక్కలో ఐదు దెబ్బలుండే ఆ వరస సాల్సా సంగీతానికి వెన్నెముక. కానీ మొదటి మూడు నెలల్లో దాన్ని వెతుకుతూ కూర్చుంటే అడుగు ఆగిపోతుంది. చెవిలో పడనివ్వండి, లెక్క మాత్రం గంటతో పెట్టుకోండి.

సాధన ఇలా. రోజూ ఒక పాట డాన్స్ చేయకుండా వినండి, చేత్తో 1, 5 మాత్రం వేయండి. వారం తర్వాత కూర్చుని కాళ్ళతో వేయండి. ఆ తర్వాతే నిలబడండి. సాల్సా పాటలు సాధారణంగా నిమిషానికి 160 నుంచి 220 బీట్ల మధ్య ఉంటాయి. 180 అంటే సెకనుకి మూడు లెక్కల వేగం. అందుకని మొదట ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం కొట్టే యాప్) 120 మీద పెట్టి బేసిక్ చేయండి. బరువు తప్పకుండా రెండు నిమిషాలు నిలిస్తే 140, తర్వాత 160.

చేయి ఏం చెబుతోంది

కోలాటంలో కర్రకి కర్ర తగిలినప్పుడు ఎదుటివారి వేగం, బలం మీకు చేతిలోనే తెలుస్తాయి. ఇక్కడ ఆ పని వేళ్ళు చేస్తాయి.

దగ్గరి పట్టులో లీడ్ కుడి చేయి ఫాలో ఎడమ భుజపు పలక మీద ఉంటుంది. దానికన్నా కిందికి దిగదు. ఫాలో ఎడమ చేయి లీడ్ కుడి భుజం మీద తేలిగ్గా. రెండో వైపు చేతులు ఫాలో కంటి ఎత్తులో కలుస్తాయి. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత కాకపోయినా హాయిగా ఊపిరి తీసుకునే ఎడం ఉండాలి. ఇది కౌగిలి కాదు. మొహమాటంగా అనిపిస్తే రెండు చేతులు మాత్రమే పట్టుకుని ఎడంగా ఆడవచ్చు. 'ఓపెన్‌లో చేద్దామండీ' అంటే చాలు, కారణం చెప్పనక్కరలేదు.

వేళ్ళని కొక్కెంలా వంచి ఒకదాని మీద ఒకటి ఆనించండి. బొటనవేలితో నొక్కి పట్టుకోవడం కొత్తవాళ్ళందరూ చేసే తప్పు, దీనివల్లే మణికట్లు మెలిపడతాయి. నొక్కి పట్టిన చేయి టర్న్‌లో తిరగలేదు. బొటనవేలిని గాలిలో వదిలేయండి.

మోచేయి మీ ఒంటి వెనక్కి వెళ్ళనివ్వకూడదు. లీడ్ ముందుకి అడుగేసినప్పుడు ఫాలో చేయి వదులుగా వెనక్కి మడిచిపోతే సంకేతం భుజానికి చేరకుండా మోచేతి దగ్గరే చచ్చిపోతుంది. కట్టెలా బిగిస్తే మాత్రం ఇద్దరికీ భుజాల నొప్పి. తడి బట్ట పిండకుండా ఆరేసినప్పుడు తాడు ఎంత బిగువుగా, కాస్త వంగి ఉంటుందో చేతులు అలా ఉండాలి.

లీడ్ చేతులతో లాగకూడదు. ఒళ్ళు కదిలితే చేయి దాంతో వస్తుంది. ఫాలో ఊహించి ముందుగా వెళ్ళకూడదు. సంకేతం రాకపోతే బేసిక్‌లోనే ఉండటం తప్పు కాదు, అదే సరైన జవాబు.

రైట్ టర్న్

ఇది ఫాలో చేసేది. 1, 2, 3 మామూలు బేసిక్. 3 దాటుతుండగా లీడ్ ఎడమ చేయి ఎత్తుతాడు. 5, 6, 7లో ఆ చేయి ఫాలో తల పైన పళ్ళెమంత చుట్టు చుడుతుంది. ఫాలో 5 మీద ఎడమ కాలు ముందుకి వేసి కుడివైపుకి సగం తిరుగుతుంది, 6 మీద కుడి కాలు మీదికి బరువు మార్చి మిగతా సగం, 7 మీద ఎడమ కాలు మధ్యకి వచ్చేసరికి మళ్ళీ ఎదురెదురు.

టర్న్ అంటే ఒంటికాలి మీద గిర్రున తిరగడం కాదు, తిరుగుతూ వేసే మూడు అడుగులు. దీన్ని మరిచినవాళ్ళే తూలతారు. తిరిగేటప్పుడు మడమ కాస్త లేచి, బరువు పాదం ముందు భాగం మీద ఉండాలి. చూపు ఎదుటివారి ముఖం మీద వీలైనంతసేపు ఉంచి, చివర్లో తల తిప్పి మళ్ళీ అక్కడే నిలిపితే కళ్ళు తిరగవు.

లీడ్ చేసే పొరపాట్లు రెండు. ఒకటి, చేయి ఆలస్యంగా 5 మీద ఎత్తడం. అప్పటికి ఫాలో కాలు పడిపోయి ఉంటుంది, 7కి తిరిగి రాలేదు. రెండు, చేతిని తల పైన కాక పక్కకి లాగడం, ఫాలో ఒరిగిపోతుంది. లీడ్ రెండు వేళ్ళు కిందికి చాపి ఉంచితే ఫాలో అరచేయి వాటి చుట్టూ జారుతూ తిరుగుతుంది.

క్రాస్ బాడీ లీడ్

ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ చోట్లు మార్చుకోవడం. ఆన్ వన్ సాల్సాలో ఫిగర్లు చాలావరకు దీని మీదే కట్టినవి, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

లీడ్ 1 మీద ఎడమ కాలు ముందుకి. 2, 3లో తన ఎడమవైపుకి పావు వంతు తిరుగుతూ దారి నుంచి పక్కకి తప్పుకుంటాడు. ఇప్పుడు ఫాలో ఎదుట దారి ఖాళీ. 5 మీద భుజపు పలక మీదున్న చేయి ముందుకి పిలుస్తుంది, 5, 6, 7లో లీడ్ ఇంకో పావు తిరిగి ఆమెకి ఎదురవుతాడు. ఫాలో 1 మీద కుడి వెనక్కి, 2 ఉన్నచోటే, 3 మీద కుడి కాలు ముందుకి, 5 మీద ఎడమతో నేరుగా నడిచి, 6 మీద కుడి వేసి, ఎడమవైపుకి తిరిగి 7 మీద నిలుస్తుంది.

దీనికి నేల మీద రంగు టేప్‌తో రెండు గీతలు అతికించండి, రెండడుగుల ఎడంతో. ఫాలో ఆ గీతల మధ్యే నడవాలి. లీడ్ గీతలు దాటి పక్కకి వెళ్ళాలి. లీడ్ దారిలోనే నిలబడిపోతే ఫాలో ఆయన చుట్టూ వంపు తిరిగి రావాలి, అప్పుడు లెక్క దాటిపోతుంది. నెల రోజుల తర్వాత కూడా ఎక్కువ జంటల్లో కనిపించే లోపం ఇదే.

ఇంట్లో

రోజుకి పదిహేను నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. ఆదివారం రెండు గంటలు చేసి వారమంతా వదిలేస్తే ఒళ్ళు మరిచిపోతుంది. ఇళ్ళలో పాలరాయి, టైల్స్ ఎక్కువ కాబట్టి జాగ్రత్త: ఉత్త కాళ్ళతో బేసిక్ చేయవచ్చు, టర్న్‌లు చేయకండి, చర్మం రాతిని పట్టేసి మోకాలికి అదే మెలిక వస్తుంది. సాక్సులతో టైల్స్ మీద జారి పడతారు. టర్న్ సాధనకి ఆ తోలు సోలు బూట్లే, నేల పొడిగా ఉన్నప్పుడు.

అద్దం ముందు కన్నా ఫోన్ పక్కన పెట్టి వీడియో తీసుకోవడం మేలు. అద్దంలో చూసుకుంటే తల దించుతారు. యూట్యూబ్‌లో అడుగులు నేర్చుకోవచ్చు గానీ చేతి బిగువు మాత్రం మనిషి చేతిని పట్టుకుంటేనే వస్తుంది.

మొదటి సోషల్

మూడో క్లాసో నాలుగో క్లాసో అయ్యాక వెళ్ళండి. చాలాచోట్ల సోషల్‌కి ముందు గంట పాటు కొత్తవాళ్ళ క్లాసు పెడతారు. దానికి వెళితే డాన్స్ మొదలయ్యేసరికి నలుగురు ముఖపరిచయం అవుతారు.

ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 180 బీట్ల పాట 4 నిమిషాలుంటే 720 బీట్లు, అంటే 90 ఎనిమిదులు. అన్ని ఎనిమిదులకీ కొత్త ఫిగర్ కావాలనుకునే లీడ్ పాట మధ్యలోనే బిత్తరపోతాడు. బేసిక్ నాలుగు, రైట్ టర్న్ ఒకటి, బేసిక్ రెండు, క్రాస్ బాడీ లీడ్ ఒకటి, మళ్ళీ బేసిక్. ఇలా 90 నింపవచ్చు. అనుభవమున్న ఫాలోలు విసుక్కుంటారని భయపడకండి. తాళం తప్పని నాలుగు ఫిగర్లని వాళ్ళు తాళం తప్పిన ఇరవై ఫిగర్ల కన్నా ఎక్కువ ఇష్టపడతారు.

అడగడం ఎలా? ఎదురుగా వెళ్ళి, కళ్ళలోకి చూసి, చేయి చాచి 'ఈ పాటకి చేద్దామా అండీ?' అనండి. వెనక నుంచి భుజం తట్టొద్దు, చేయి పట్టి లాగొద్దు. ఆడవాళ్ళు అడగడం అక్కడ మామూలే. 'వద్దండీ, థాంక్స్' అంటే నవ్వి తప్పుకోవాలి. ఎందుకని అడగకూడదు, అదే రాత్రి మళ్ళీ మళ్ళీ అడగకూడదు. కాళ్ళ నొప్పి కావచ్చు, పాట నచ్చకపోవచ్చు, మీతో చేయడం ఇష్టం లేకపోవచ్చు. మూడూ వాళ్ళ ఇష్టమే. 'కొత్తగా నేర్చుకుంటున్నానండీ' అని ముందే చెబితే ఎదుటివారు అందుకు తగ్గట్టు సర్దుకుంటారు.

ఫ్లోర్ మీద రద్దీగా ఉంటే అడుగు ఇంకా చిన్నదవ్వాలి, ముఖ్యంగా వెనక్కి వేసేది. వెనకవాళ్ళ పాదం మీద మడమ దిగితే గాయమవుతుంది. ఫాలోని పంపేముందు ఆ వైపు ఖాళీ ఉందో లేదో చూడటం లీడ్ బాధ్యత. ఎవరికైనా తగిలితే తప్పు ఎవరిదైనా ఆగి సారీ చెప్పండి. వెనక్కి వాల్చడం, పైకెత్తడం తెలియని మనిషితో ఎప్పుడూ చేయకండి.

పాట మధ్యలో లెక్క పోతుంది, అందరికీ పోతుంది. చేతులు వదలకుండా, అడుగులు ఆపి, కుడి ఎడమలకి బరువు మాత్రం మారుస్తూ గంట కోసం వినండి. దొరకగానే 1 మీద బేసిక్. ఎదుటివారిని 'అలా కాదు, ఇలా' అని దిద్దడం మాత్రం వద్దు, మీకు ఎంత వచ్చినా సరే. దిద్దుబాటు క్లాసులో అడిగితే చెప్పేది. ఒక్క మినహాయింపు నొప్పి: చేయి మెలిపడుతోంటే అప్పటికప్పుడే 'కొంచెం నెమ్మదిగా' అనాలి. ఎవరైనా చేయి ఉండకూడని చోట పెట్టినా, వద్దన్నా దగ్గరికి లాగినా పాట మధ్యలోనే వదిలి వచ్చేయండి, నిర్వాహకులకి చెప్పండి. పాట పూర్తయ్యేదాకా ఓర్చుకోవాలన్న మర్యాద ఎక్కడా లేదు.

సోషల్‌లో సాల్సా మధ్యలో బచాటా పాటలు వస్తాయి. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి, 2019లో యునెస్కో జాబితాకెక్కిన సంగీతం ఇది. వేగం తక్కువ, లెక్క తేలిక: పక్కకి మూడు అడుగులు, నాలుగో దాని మీద కాలి మునివేళ్ళతో తట్టు, మళ్ళీ అలాగే రెండో వైపుకి. ఇక్కడ తట్టాలి, సాల్సాలో తట్టకూడదు. రెండూ కలిపి నేర్చుకునేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. బచాటాని కొందరు బాగా దగ్గరగా ఆడతారు. మీకు ఇష్టం లేకపోతే ఎడంగానే ఆడండి, అది కూడా అసలైన బచాటానే.

మొదటి రాత్రికి ఆరేడు పాటలు చాలు. మధ్యలో నీళ్ళు తాగుతూ, ఒక మూల కూర్చుని బాగా ఆడేవాళ్ళ పాదాలు కాకుండా వాళ్ళ చేతులు చూడండి. ఇంటికి వెళ్ళేముందు ఫోన్‌లో ఒక్కటి రాసుకోండి: ఈ రాత్రి ఏది ఎక్కువసార్లు తప్పింది? 3 మీద బరువా, చేయి ఎత్తడంలో ఆలస్యమా, దారి వదలకపోవడమా? తర్వాతి క్లాసులో గురువుని అడగాల్సింది అదొక్కటే.